ఒకరి తాయెత్తు ఒకరికి

పోర్టు బ్లెయిర్,
1923 ఫిబ్రవరి 11

చెల్లెలు బియ్యాత్తుకు ఉణ్ణీన్ సలాం చెప్పి రాయించేది.

నేను బతికే ఉన్నాను. ముందు ఆ మాట రాయమని గుమాస్తాతో చెప్పాను. ఈయన మలయాళం అక్షరాల్లో రాస్తాడు. మనం ఓత్తు బడిలో నేర్చుకున్న అరబ్బీ అక్షరాల రాత ఈ ఆఫీసులో ఎవరికీ రాదు. అందులో రాస్తే ఓడ ఎక్కించరట. కాబట్టి నువ్వు ఎవరి చేతనైనా చదివించుకో.

ఏడాదిన్నరగా ఒక్క ముక్క రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. తిరుగుబాటులో పట్టుబడ్డ రోజు నాది పుళక్కర కాదు, నది అవతలి ఊరని చెప్పాను. నిజం చెబితే గూర్ఖా పటాలం వచ్చి మన పాకలు తగలబెడుతుందని భయం. ఆ అబద్ధమే నా మెడకు చుట్టుకుంది. కోర్టు కాగితాలన్నీ ఆ ఊరికి పోయి, అక్కడ అలాంటి మనిషే లేడని తిరిగి వచ్చాయి. రోడ్డుకు అడ్డంగా చెట్లు కొట్టామనీ, కచేరీలో కౌలు దస్తావేజులు కాల్చామనీ యావజ్జీవం వేశారు. కాల్చింది నిజమే. మన తాత దున్నిన పొలాన్ని ఇంకొకడి పేర రాసిచ్చిన కాగితం కాలుతుంటే చలి కాచుకున్నాను కూడా.

ఇప్పుడొక మంచి కబురు. అడవి కొట్టుకుని సాగుచేసుకోమని చెక్క భూమి ఇచ్చారు. అయితే ఊరి నుంచి ఇంటిమనిషిని తెచ్చుకున్నవాడికే అది దక్కుతుంది. భార్యో తల్లో ఎవరో ఒకరు రావాలి. ఓడ ఖర్చు సర్కారుదే. వచ్చే ఏటి మార్చి లోగా ఎవరూ రాకపోతే భూమి లాక్కుని మళ్ళీ జైలు కొట్లోకి తోస్తారు. అమ్మ ఎలాగూ లేదు. కదియకుట్టిని పంపు. కాపురానికి వచ్చిన ఎనిమిది నెలలకే దాన్ని వదిలి వచ్చాను. ఇక్కడైనా సంసారం చేస్తాం.

అన్నట్టు, పోక్కర్ ఇంటికి చేరాడు కదా? మంజేరి లాకప్పులో మమ్మల్ని విడదీశారు. వాడిది చిన్న కేసు, కోయంబత్తూరు జైలుకు తీసుకెళ్ళి నెలలో వదిలేస్తారన్నాడు హెడ్డు కానిస్టేబులు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, రైలెక్కాలంటే భయమని ఒకటే ఏడుపు. వాడి పోరు పడలేక నా నడుముకున్న వెండి తాయెత్తు విప్పి వాడికి కట్టాను. కదియకుట్టి తన చెవి నుంచి తీసి ఆ తాడుకు గుచ్చిన చిట్టు పోగు కూడా దానికే ఉంది. వాడు ఎగ్గొట్టే రకం. పెళ్ళికి అరువు తీసుకున్న చొక్కానే ఇంతవరకు ఇవ్వలేదు. అడిగి తీసుకుని కదియకుట్టితో పంపు. వాళ్ళమ్మ తిత్తుమ్మకు నా సలాం. నీ కొడుకు ఏడుపుకు నా చెవులు తూట్లు పడ్డాయని చెప్పు.

నీ అన్న
ఉణ్ణీన్ (వేలిముద్ర)


పుళక్కర,
హిజ్రీ 1341, రజబు ఆఖరి శుక్రవారం

ఇక్కాక్కా,

నువ్వు నువ్వేనా? ఇది ఎవరైనా ఆడుతున్న ఆటైతే వాళ్ళ చేతులు పడిపోను. చిన్నప్పుడు పనసచెట్టు మీద నుంచి పడి నువ్వు విరగ్గొట్టుకున్నది ఏ చెయ్యో రాయి. అప్పుడు నమ్ముతాను. లేదు, నమ్మాను. ఆ చొక్కా మాట నువ్వు తప్ప ఇంకెవరూ రాయరు.

నిన్ను మేము పాతిపెట్టాం ఇక్కాక్కా. తిరూరు మసీదు దగ్గర మట్టిలో పెట్టి నలభయ్యో రోజు కూడా చేశాం.

ఉత్తరం తెచ్చింది పోస్టు రామన్ నాయర్. కల్లోలంలో మనవాళ్ళు ఆయన ఇల్లు కాల్చినప్పటి నుంచి వాకిట్లోకి రాడు, కంచె మీద ఉత్తరం పెట్టి పోతాడు. అండమాను ముద్ర చూసి, చదివి పెట్టమని బతిమాలాను. కంచె అవతలే నిలబడి గట్టిగా చదివాడు. "నేను బతికే ఉన్నాను" అనగానే నేను వేసిన కేకకు వీధి వీధంతా వచ్చింది. తిత్తుమ్మ చేతులకు పిండితోనే పరుగెత్తుకొచ్చింది. "మా వాడి సంగతేమన్నా రాశాడా నాయర్? పోక్కర్ అని ఎక్కడన్నా ఉందా చూడు" అని అడుగుతూనే ఉంది.

ఉంది. రామన్ నాయర్ చదివాడు. ఎగ్గొట్టే రకం అనేసరికి తిత్తుమ్మ పకపకా నవ్వింది. "వాడంతే! వాడంతే! నా దగ్గర కూడా అంతే!" అంది. నవ్వుతూ మా ముఖాలు చూసింది. మేమందరం ఇంట్లో దూలం వైపు చూస్తున్నాం. నీ తాయెత్తు ఆ దూలానికే వేలాడుతోంది.

నీకు తెలియదా? తిరూరులో గాలి చొరని సామాన్ల పెట్టెలో మనుషుల్ని కుక్కి, తలుపు బిగించి రైలుకు తగిలించారు. దారిలో తలుపు తీసిన పాపాన పోలేదు. తీసేసరికి చాలామంది శవాలయ్యారు. అదే పెట్టెలో వెనక్కి పంపారు. తిరూరులో శవాలకు స్నానం చేయించినవాళ్ళలో మన వీధి ఆత్తాన్ ఉన్నాడు. ముఖాలు ముఖాల్లా లేవట. గొరిగిన తలలు అన్నీ ఒకటే. ఒకడి నడుముకు నీ తాయెత్తు, దానికి కదియకుట్టి చిట్టు కనిపించాయి. విప్పి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంకేం కావాలి మాకు?

నీ నలభయ్యో రోజుకు ఊరందరికీ పత్తిరి రొట్టెలు చేసి పెట్టాం. పిండి దంచింది తిత్తుమ్మ. తన కొడుకు చావు కూటికి తనే పిండి దంచింది ఇక్కాక్కా. "నా పోక్కర్ వచ్చాక తీర్చుకుంటాలే, నీ అన్న కోసం ఈ మాత్రం చెయ్యనా" అంది నాతో.

ఆ రోజు వాకిట్లో ఆమె ఏడవలేదు. లోపలికి వచ్చి తాయెత్తు పట్టుకుని అడిగింది. "ఇందులో మసీదు ముసలియార్ ఎవరి పేరు రాశాడు? 'ఫాతిమ కొడుకు ఉణ్ణీన్' అని కదా? వేరే తల్లి పేరున్న తాయెత్తు నా బిడ్డకు కట్టాడా మీ అన్న? మీ వాడి పేరు వెతుక్కుంటూ వచ్చిన చావు నా వాణ్ణి పట్టుకుపోయింది." తాయెత్తు కట్టిన పేరుకే కాస్తుందని ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. నీకు తెలియదా?

నా నోరు పడిపోను, బతికున్న అన్నను ఏమంటున్నాను! నువ్వు బతికున్నావు. అల్లాకు స్తోత్రం. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

కదియకుట్టి ఇక్కడ లేదు, పుట్టింటికి వెళ్ళింది. ఆమె సంగతి మళ్ళీ రాస్తాను. ఇది మన రాతలోనే రాశాను. మీ ఆఫీసువాళ్ళు చింపితే చింపనీ.

నీ చెల్లెలు
బియ్యాత్తు


పోర్టు బ్లెయిర్ దగ్గర,
1341 రంజాను, రెండో వారం

బియ్యాత్తూ,

కుడి చెయ్యి. ఇప్పటికీ వానొస్తే సలుపుతుంది.

నీ ఉత్తరం చింపలేదు. తిరూరంగాడి ఖైదీ ఒకాయన చేత చదివించుకుని, తప్పేమీ లేదని ఇచ్చారు. భూమి పట్టా ఉన్నవాళ్ళం మా రాతలో రాసుకోవచ్చని చెప్పారు కూడా. ఇది నా చేతిరాతే. వంకర చూసి గుర్తుపట్టు.

ఉపవాసం విడిచే వేళకు ఉత్తరం అందింది. ఆ రైలు పెట్టె సంగతి నేను బళ్ళారి జైల్లోనే విన్నాను. పోయినవాళ్ళ కోసం జైలంతా వరసలు కట్టి నమాజు చేశాం. నేనూ చేశాను. అందులో పోక్కర్ ఉన్నాడని తెలియకుండా పోక్కర్ కోసం నమాజు చేశాను. నమాజు అయ్యాక పక్కవాడితో ఏమన్నానో తెలుసా? "మా ఊరివాడొకడు రైలంటేనే ఏడ్చాడు, వాడు అదృష్టవంతుడు, ఈపాటికి ఇంట్లో వాళ్ళమ్మ చేతి గంజి తాగుతుంటాడు" అన్నాను. ఆ మాట అన్న నోటితో ఇప్పుడు అన్నం ఎలా తినను?

తాయెత్తు సంగతి నాకు తెలియక కాదు. వాడు పసిపిల్లాడిలా పట్టుకుని వదలకపోతే, ఆపదలో అల్లా పేర్లు చూస్తాడా అనుకున్నాను. తిత్తుమ్మ కాళ్ళ మీద పడ్డానని చెప్పు. లేదు, చెప్పకు. ఆమె దగ్గర నా పేరే ఎత్తకు.

కదియకుట్టి ఒక్క మాటైనా రాయించలేదేం? చిట్టు పరాయివాడికి ఇచ్చేశానని అలకా? దాని అలక నాకు తెలుసు, మూడు పూటలు ముద్ద ముట్టదు, నాలుగో పూట నా పళ్ళెంలోదే లాక్కుని తింటుంది. పాకకు రెండు తలుపులు పెట్టానని చెప్పు. ఎదురుగాలి రావాలని మన ఇంట్లో సణిగేది కదా. ఇక్కడ గాలికి తక్కువ లేదు, జలగలకూ తక్కువ లేదు. జలగల సంగతి చెప్పకు. వచ్చాక చూసుకుంటుంది. వచ్చేటప్పుడు మన పనస గింజలు కొన్ని బూడిదలో కలిపి మూటగట్టుకు రమ్మను.

ఉణ్ణీన్


పుళక్కర,
1341 షవ్వాలు

ఇక్కాక్కా, సలాం.

పండగ బాగానే జరిగింది, అంటే జరిగిపోయింది. పొలం ఎప్పుడో పోయింది కాబట్టి మొగలాకు చాపలు అల్లుతున్నాను. ముళ్ళు గీరుకుని చేతులు పిల్లి రక్కినట్టున్నాయి. మా ఆయన సైదాలి కల్లోలంలో కొండల్లో దాక్కుని తెచ్చుకున్న చలిజ్వరం ఇంకా వదల్లేదు. పొద్దుటిపూట మంచివాడు, సాయంత్రం నన్ను తాసిల్దారనుకుని దండం పెడతాడు. పనస ఈ ఏడు విరగకాసింది. తినేవాళ్ళే తక్కువ. వీధిలో మగవాళ్ళను లెక్కపెడితే ముసలాళ్ళూ కుంటివాళ్ళే.

తిత్తుమ్మ రోజూ వచ్చి మా చూరు కింద కూర్చుంటోంది. తాయెత్తు కనబడేలా కూర్చుంటుంది. గంజి ఇస్తే తాగుతుంది. నిన్న ఉన్నట్టుండి, "ఆ దీవిలో వాడికి వండి పెట్టేదెవరు?" అని అడిగింది. ఎవరూ లేరన్నాను. "ఊఁ" అంది. శాపమో జాలో నాకు అర్థం కాలేదు.

కదియకుట్టికి సముద్రమంటే భయమట. తొందరపెట్టకు.

బియ్యాత్తు


పోర్టు బ్లెయిర్ దగ్గర,
1341 బక్రీదు నెల

బియ్యాత్తూ,

కదియకుట్టికి నీళ్ళంటే భయమా? కర్కాటక మాసపు వరదలో కడలుండి నది ఈదుకుంటూ పోయి తప్పిపోయిన మేకపిల్లను చంకనపెట్టుకొచ్చిన మనిషికా? ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావు?

నాకు అర్థమైంది. చాపలు అల్లడానికి ఇంకో జత చేతులు కావాలి నీకు. సైదాలి మంచం పట్టాడు, ఇల్లు గడవాలి, వదినను పంపిస్తే ఎలాగని లెక్క చూసుకున్నావు. లేకపోతే దాని మేనమామ అడ్డుపడుతున్నాడు, నువ్వు కిక్కురుమనకుండా ఉన్నావు. ఆడవాళ్ళు అండమాను పోవడం పాపమని మలబారులో పెద్దమనుషులు తీర్మానాలు చేస్తున్నారని ఇక్కడా విన్నాం. ఆ తీర్మానాలు చేసే పెద్దమనుషులు ఒక్క రాత్రి ఈ జైలు కొట్లో పడుకుని లేవనీ!

ఆఫీసులో దాని పేరు రాయించేశాను. 'కదియకుట్టి, భార్య' అని గుమాస్తా రాస్తుంటే నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. నా పక్క భూమివాడి పెళ్ళాం మొన్న ఓడలో దిగింది. ఆ పాకలోంచి పొగ లేస్తుంటే నేను ఇటు తిరిగి కూర్చుంటున్నాను. మార్చి దాకానే గడువు. దానితో ఒక్క మాట, దాని సొంత మాట రాయించు. లేకపోతే నాకు చెల్లెలు లేదనుకుంటాను.

ఉణ్ణీన్


పుళక్కర,
1342 ముహర్రం

ఇక్కాక్కా,

కూర్చుని చదువు. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో.

కదియకుట్టికి మళ్ళీ పెళ్ళయింది. నువ్వు పోయావనుకుని నాలుగు నెలల పది రోజులూ మూల కూర్చుంది. తెల్లగుడ్డ కట్టుకుని, వెలుతురులోకి రాకుండా, నీ పేరు తప్ప ఇంకో మాట లేకుండా కూర్చుంది. ఆ తర్వాత కిందటేడు బక్రీదు దాటాక వాళ్ళ మేనమామ బేపూరు సంబంధం తెచ్చాడు. ఓడలు కట్టే చోట పనివాడు, చేక్కుట్టి అని. తల దువ్వింది నేను. చేతులకు గోరింట పెట్టింది నేను. పాట అందుకుంది కూడా నేనే. పద్దెనిమిదేళ్ళ పిల్లను నీ సమాధికి కాపలా పెట్టమంటావా? అందులోనూ వేరే వాడున్న సమాధికి!

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆమెకు మూడో నెల. కబురు చెప్పడానికి నేనే వెళ్ళాను. వరండాలో చేపలు బాగుచేస్తోంది. చెప్పగానే కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి తెల్లగుడ్డ కట్టుకుని వచ్చి కూర్చుంది. "ఇప్పుడు నేను ఎవరి కోసం కూర్చోవాలి బియ్యాత్తూ?" అని అడిగింది.

ముసలియార్‌ను అడిగాం. నువ్వు బతికుండగా ఆ నికాహ్ చెల్లదన్నాడు. తెలియక జరిగింది కాబట్టి బిడ్డకు మచ్చ లేదన్నాడు. ఆ రోజే ఆమె పుట్టింటికి వచ్చేసింది. చేక్కుట్టి వారం వారం బేపూరు నుంచి నడిచొచ్చి, బియ్యమో చేపలో గడప దగ్గర పెట్టి, ముఖం చూడకుండా వెళ్ళిపోతాడు. చెడ్డవాడైతే నాకు ఈ బాధ ఉండేది కాదు. మంచివాడు.

ఇప్పుడు నెలలు నిండాయి. నువ్వు రమ్మంటే ఆమె రావాలి. నువ్వు వదిలేస్తే వాళ్ళిద్దరూ మళ్ళీ నికాహ్ చేసుకోవచ్చు. అంతా నీ నోటి మాటలో ఉంది. సొంత మాట అడిగావు కదా, ఇదిగో. "రమ్మంటే ఓడ ఎక్కుతాను. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ బిడ్డను వదిలి రమ్మంటే మాత్రం సగం దారిలో సముద్రంలోకి దూకుతాను, అది కూడా చెప్పు." ఒక్క అక్షరం మార్చలేదు.

సముద్రమంటే భయమని అబద్ధం చెప్పినందుకు తిట్టు. చాపల కోసం ఆపానన్నావే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో. అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొస్తోంది.

బియ్యాత్తు


పోర్టు బ్లెయిర్ దగ్గర,
1342 రబీయుల్ అవ్వల్

ఎంత తొందర పడ్డారే నన్ను పాతిపెట్టడానికి! ఒక వెండి డొల్ల చూసి మనిషి పోయాడనుకున్నారా? నా కుడి చెయ్యి చూడలేదా ఆత్తాన్? విరిగి అతికిన చెయ్యి కనబడలేదా? పాట పాడావా? ఏ పాట పాడావు?

ఇంక నాకు రాయకు.

•

ఆ పైది రాసి పంపలేదు. దాని కిందే ఇప్పుడు రాస్తున్నాను. కాగితం దొరకడం కష్టం.

ఆ రోజు ఉత్తరం చదివి గొడ్డలి పట్టుకుని పాక రెండో తలుపు నరికేశాను. పక్క భూమివాడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత చాలా రోజులు అడవిలో పని చేశాను. ఆలోచించగా ఆలోచించగా ఒకటే కనబడింది. ఆ పెట్టెలో ఊపిరాడక పోయినవాడికి నా పేరు పెట్టారు. నా శోకం పోక్కర్‌కు దక్కింది, వాడి శోకం ఎవరికీ దక్కలేదు. ఇందులో కదియకుట్టి చేసిన తప్పేమిటి? నేను అబద్ధపు ఊరు చెప్పకపోతే కోర్టు కాగితం మన ఇంటికే వచ్చేది. ఊరిని కాపాడాననుకున్నాను. ఇంటినే పోగొట్టుకున్నాను.

ఈ శుక్రవారం మసీదు పాకలో ఇద్దరు సాక్షుల ముందు తలాఖ్ చెప్పాను. వాళ్ళ వేలిముద్రలు కింద ఉన్నాయి. ముసలియార్‌కు చూపించు. తాయెత్తు తాడు నుంచి చిట్టు విప్పి కదియకుట్టికి ఇచ్చేయ్. చెవి బోసిగా ఉండకూడదు. చాపల మాట వెనక్కి తీసుకున్నాను.

ఆఫీసులో ఆమె పేరు కొట్టించేస్తాను. భూమి పోతే పోనీ. జైలు కొట్లో అయితే నలుగురుంటారు, వంట బాధ లేదు.

బిడ్డ పుట్టిందా? ఎవరు?

ఉణ్ణీన్


పుళక్కర,
1342 రబీయుల్ ఆఖిర్

ఇక్కాక్కా,

ఆడపిల్ల. తలాఖ్ గడువు తీరగానే మళ్ళీ నికాహ్. ఈసారి పాట ఉండదు, అందరం ఊరికే కూర్చుంటాం అన్నారు. చిట్టు తీసుకుని కదియకుట్టి చెవికి పెట్టుకోలేదు, పిల్ల ఉయ్యాల తాడుకు కట్టింది.

ఇంక అసలు సంగతి. నీ ఉత్తరం నేను చదువుతుంటే తిత్తుమ్మ చూరు కింద కూర్చుని వింది. "వాడి శోకం ఎవరికీ దక్కలేదు" అన్న చోట లేచి లోపలికొచ్చింది. "ఆఫీసులో పేరు కొట్టించొద్దని రాయి. నా పేరు ఎక్కించమను" అంది.

"నీకు మతి ఉందా తిత్తుమ్మా? సముద్రం అవతల!"

"సముద్రం ఇవతల నాకెవరున్నారు? నువ్వేమన్నా పెంచుతావా నన్ను?"

"మా అన్నను నోటికొచ్చినట్టు తిట్టావు కదా!"

"తిట్టాను. తిడతాను. ఇక్కడి నుంచి తిడితే వాడికి వినబడ్డం లేదు. దగ్గరుండి తిడతాను."

పొద్దున్నే ఆమే వెళ్ళి రామన్ నాయర్‌ను పట్టుకొచ్చింది. అర్జీ రాయాలని. ఆయన కంచె దగ్గరే ఆగాడు. తిత్తుమ్మ అడిగింది. "నాయర్, నీ ఇల్లు కాల్చిన గుంపులో నా కొడుకు ఉన్నాడా?" ఆయన కంచె కర్ర గోకుతూ, "పొగలో ఎవరి ముఖమూ కనబడలేదు ఉమ్మా" అన్నాడు. తర్వాత ఇన్నాళ్ళకు లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. "ఖైదీకి నువ్వేమవుతావు?" అన్నాడు కలం తీసి. "తల్లిని" అంది. ఆయన నా వైపు చూశాడు. మన అమ్మ జనాజా వెనక నడిచినవాడు కదా. నేను తల దించుకున్నాను. రాశాడు.

ఆ రోజే తాయెత్తు దూలం నుంచి విప్పుకుని కొండోట్టి వెళ్ళొచ్చింది. ఎందుకంటే చెప్పదు. ఇక నువ్వు కాదంటే ఆఫీసులో కాదని చెప్పుకో. ఆమెకు చెప్పే ధైర్యం మాకెవరికీ లేదు.

బియ్యాత్తు

పనస గింజలు పంపుతున్నాను. ఆమె మూటలో అడుగునున్నాయి.


పోర్టు బ్లెయిర్ దగ్గర,
1342 రజబు

బియ్యాత్తూ,

వచ్చింది.

రేవులో గుమాస్తా పుస్తకం తిరగేసి గొడవ పెట్టాడు. "నీ తల్లి చచ్చిపోయిందని జైలు కాగితంలో ఉందే! ఈమె ఎవరు?" అన్నాడు. నేను తడబడుతుంటే తిత్తుమ్మ నన్ను తోసి ముందుకొచ్చింది. "వీడు చచ్చిపోయాడని మా ఊళ్ళో కూడా ఉంది. నలభయ్యో రోజు భోజనం కూడా పెట్టాం. వీణ్ణి చూస్తున్నావా లేదా? నేనూ అంతే" అంది. రేవులో ఉన్న మనవాళ్ళందరూ గొల్లుమన్నారు. గుమాస్తా ముద్ర వేసేశాడు.

అంత నవ్వించిన మనిషి పాకలోకి రాగానే మూట కింద పెట్టి నా చెంప మీద కొట్టింది. కళ్ళు బైర్లు కమ్మాయి. "నిన్ను క్షమించి రాలేదు. అది గుర్తుపెట్టుకో" అంది. తర్వాత నరికిన తలుపు చూసి, "ఇదేమిటి, వానొస్తే ఎలా? రేపు కట్టు" అంది. పొయ్యి రాజేసి గంజి కాచింది. ఇద్దరం తాగాం. పాక చూరులోంచి పొగ వెళ్తుంటే బయటికి వెళ్ళి నిలబడి చూశాను.

లోపలికి వచ్చేసరికి ఆమె చేతిలో తాయెత్తు ఉంది. కొత్త నల్లతాడు కట్టి ఉంది. నడుము ఇటు తిప్పమంది. వద్దన్నాను. పోక్కర్ ఒంటి మీద నుంచి విప్పిన దాన్ని ఎలా కట్టుకోను?

"డొల్ల అదే. లోపలిది మార్పించాను. కొండోట్టి ముసలియార్ ముందు ఒప్పుకోలేదు. కన్న తల్లి పేరే రాయాలన్నాడు. రాసేదాకా ఆయన వాకిట్లోంచి లేవనన్నాను" అంది.

"ఏం రాయించావు?" అన్నాను.

ఆమె నా వెనక కూర్చుని ముడి వేస్తోంది. ముఖం కనబడలేదు. "తిత్తుమ్మ కొడుకు ఉణ్ణీన్ అని. ఇది మాత్రం ఎవడు ఏడ్చినా విప్పి ఇవ్వకు" అంది.

ముడి గట్టిగా పడింది బియ్యాత్తూ, రాస్తుంటే ఒరుసుకుంటోంది. పనస గింజలు రేపు నాటుతాం.

ఉణ్ణీన్